అనధికార స్నేహితుడు

స్నేహం మంచిదని మా శాఖవారు కనిపెట్టేనాటికి నేను కేంద్ర కారాగారంలో ఉత్తరాల సెక్షను గుమాస్తాగా చేరి పదకొండేళ్లయింది. ఖైదీలు రాసే ఉత్తరాలూ, ఖైదీలకు వచ్చే ఉత్తరాలూ విప్పి చదివి, అభ్యంతరకరమైన వాక్యాలుంటే నల్లసిరాతో కొట్టేసి, మిగిలినదాని మీద ‘చూడబడినది’ అని ముద్ర వేయడం నా ఉద్యోగం. పరాయివాళ్ల ఉత్తరాలు చదవకూడదని చిన్నప్పుడు మా నాన్న చెంప మీద కొట్టి మరీ చెప్పారు. ఆ పనికి ప్రభుత్వంలో ఒక పోస్టు ఉందని ఆయనకు తెలియదు.

అప్పట్లో మా జైల్లో యావజ్జీవ ఖైదీలు నాలుగు వందల పన్నెండు మంది. వాళ్లలో పలివెల సూరన్న ఒకడు. వయసు యాభై రెండు. కొబ్బరితోటల సీమ నుంచి వచ్చాడు. గట్టు తగాదాలో పక్కచేను ఆసామిని పారతో ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ ఒక్క దెబ్బకే అతను పోయాడు. కొట్టలేదని సూరన్న కోర్టులో కూడా అనలేదు. “కొట్టానండి. చచ్చిపోతాడనుకోలేదండి. అనుకోవలసిందండి” అన్నాడట. పదమూడేళ్లుగా జైలు మగ్గాల షెడ్డులో జంపఖానాలు నేస్తున్నాడు. పెళ్లి కాలేదు. కేసు నడుస్తుండగానే తల్లి పోయింది. ఉన్న ఒక్క అన్నా మొదటి మూడేళ్లు ఏడాదికోసారి వచ్చి చూశాడు, తరవాత మానేశాడు.

ఖైదీకి నెలకు రెండు కార్డులు రాసుకునే హక్కు ఉంది. సూరన్న నెల మొదట్లో రెండు కార్డులూ తీసుకునేవాడు. నెలాఖరున ఖాళీవి తెచ్చి నా బల్ల మీద పెట్టి, “ఎవరికి రాయాలో తోచలేదండి, కామేశంగారూ” అనేవాడు. పై నెల మళ్లీ తీసుకునేవాడు. ఇలా ఎనిమిదేళ్లు.

ఒకసారి లైబ్రరీలో పాత పేపరు తిరగేస్తుంటే రైతుల పేజీలో ఒక ఉత్తరం అతని కంటబడింది. “మా కొబ్బరిచెట్టు పిందెలు రాల్చేస్తోంది. కారణం తెలిసినవారు తెలుపగలరు – మట్టపర్తి నూకరాజు, రేవు టిక్కెట్లు” అనీ, కింద ఒక గోదావరి లంక గ్రామం పేరూ ఉన్నాయి. సూరన్న ఆ నెల ఒక కార్డు ఖర్చుపెట్టాడు. చెట్టు మొదలుకు మూడడుగుల ఎడంగా గాడి తీసి పేడా, వేపపిండీ, ఉప్పూ వేసి నీళ్లు పెట్టమనీ, మరీ మొదట్లో వేస్తే అక్కడి వేరు తినదనీ, ఆరు నెలలు ఓపిక పట్టాలనీ రాశాడు. చివర్న, “నేను యావజ్జీవ ఖైదీని. చెప్పకపోతే బాగుండదని చెబుతున్నాను” అని చేర్చాడు.

పన్నెండు రోజులకు జవాబొచ్చింది. “మీరు ఎక్కడుంటే ఏమండి. గాడి తీశాను. ఉప్పు కల్లుప్పేనాండి, మామూలుదాండి?”

అక్కడ మొదలైంది. నూకరాజు గోదావరి పాయ మీద బల్లకట్టు రేవులో టిక్కెట్లు చించే మనిషి. బల్లకట్టు అటు వెళ్లి ఇటు వచ్చేలోగా ముప్పావుగంట ఖాళీ. ఆ ఖాళీలో ఉత్తరాలు రాసేవాడు. పెళ్లివారి బల్లకట్టు మధ్యలో ఇసకమేట ఎక్కి ముహూర్తం దాటిపోతుంటే పురోహితుడు అక్కడే జీలకర్రా బెల్లం పెట్టించేయడం, ఒక మేష్టారు పద్దెనిమిదేళ్లుగా రోజూ దాటుతూ ఒక్కసారీ నీళ్లవంక చూడకపోవడం, ఒక గిత్త బల్లకట్టు ఎక్కనని మొండికేసి రేవులో పడుకోవడం, ఇలాంటివి. సూరన్న ప్రతిదానికీ జవాబు రాసేవాడు. జవాబులో తప్పకుండా ఒక ప్రశ్న ఉండేది. “గిత్త చివరికి ఎక్కిందా?” అని అతను రాసినప్పుడు, దాని మీద ముద్ర వేసి పంపి, నేనూ పదిహేను రోజులు ఎదురుచూశాను. ఎక్కలేదట. ఆసామి దాన్ని ఇవతలి ఒడ్డునే అమ్ముకుని వెళ్లిపోయాడట.

రెండేళ్లలో అటువి ఇరవై మూడు, ఇటువి ఇరవై నాలుగు ఉత్తరాలయ్యాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయింది. అప్పుడు డి.ఐ.జి. పరాంకుశంగారు వచ్చారు.

ఆయన ఒక చలిదేశంలో ఆరు వారాలు శిక్షణ పొంది వచ్చారు. అక్కడ ఖైదీలకు బయటివాళ్లు ఉత్తరాలు రాస్తారనీ, దానివల్ల ఖైదీలు మెత్తబడతారనీ చూసి వచ్చారు. వచ్చిన నాలుగో రోజున మమ్మల్నందర్నీ సమావేశపరిచి, నిలబడి చదివారు.

“స్నేహరాహిత్యమే నేరప్రవృత్తికి మూలకారణమని అంతర్జాతీయంగా ధ్రువీకరింపబడినది. కావున దీర్ఘశిక్ష అనుభవించుచున్న ప్రతి ఖైదీకీ ఒక్కొక్క బాహ్య మిత్రుణ్ణి, ఉత్తర ప్రత్యుత్తరాల మూలకంగా, గాంధీ జయంతిలోగా సమకూర్చవలెను. దీనికి ‘బాహ్య మైత్రీ సంధాన పథకం’ అని నామకరణం చేయడమైనది.”

క్లుప్తంగా బామైసం. మా సూపరింటెండెంటుగారు ఉత్సాహం పట్టలేక లేచి నిలబడ్డారు.

“సార్, మన దగ్గర ఒక ఖైదీకి ఇప్పటికే ఒక స్నేహితుడున్నాడండి. రెండేళ్ల నుంచీ రాసుకుంటున్నారు.”

పరాంకుశంగారు కళ్లద్దాలు తీశారు. “ఎవరి అనుమతితో?”

“అనుమతంటే... కామేశంగారు ముద్ర వేస్తున్నారండి.”

“అంటే పథకం ప్రారంభం కాకుండానే స్నేహం ప్రారంభమైందన్నమాట. ఇది ప్రారంభోత్సవానికి ముందే వంతెన మీద నడిచినట్టు కాదా?”

సూపరింటెండెంటుగారు అవునండి అన్నారు. నేనూ అవునన్నాను. ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. సూరన్న, నూకరాజుల మధ్య గల సంబంధం ‘అనధికార స్నేహం’ అనీ, అది క్రమబద్ధీకరింపబడేవరకు తాత్కాలికంగా నిలుపుదల చేయడమైనదనీ సారాంశం. ఖైదీలకు స్నేహితులను సమకూర్చే పథకం కింద మా జైల్లో జరిగిన మొట్టమొదటి పని, ఉన్న ఒక్క స్నేహితుణ్ణీ ఆపడం.

స్నేహాన్ని క్రమబద్ధం చేయమని పెట్టుకునే దరఖాస్తు, నమూనా-17, పట్టుకుని నేను మగ్గాల షెడ్డుకు వెళ్లాను. సూరన్న నాలుగు పేజీలూ తిప్పి చూశాడు.

“ఇది పూర్తిచేత్తే మళ్లీ రాసుకోవచ్చాండి?”

“ఆమోదం వస్తే రాసుకోవచ్చు.”

“తొమ్మిదో గడిలో ‘స్నేహం యొక్క ఉద్దేశము’ అని ఉందండి. ఏం రాయమంటారు?”

“నీకు తోచింది రాయి.”

అతను ‘కబుర్లు’ అని రాశాడు. ఆ గడి కింద చిన్న అక్షరాల్లో ఆమోదిత ఉద్దేశాలు నాలుగు ఉన్నాయి: పశ్చాత్తాపం, పరివర్తన, ప్రబోధం, పునరావాసం. అందులో ఏదో ఒకటి రాయమని చెప్పాను. “ఆయన పాపం టిక్కెట్లు చింపుకునే మనిషండి. అంత బరువు ఆయన మీదెందుకు పెట్టడం” అన్నాడు. కబుర్లే ఉంచాడు.

బయటి మిత్రుడి యోగ్యత విచారించడానికి పోలీసుశాఖవారు ఒక కానిస్టేబుల్ని రేవుకు పంపారు. ఆ విచారణ నివేదిక నా ఫైల్లో ఉంది. అదే విచారణ గురించి నూకరాజు రాసిన ఉత్తరం కూడా నా బల్లసొరుగులో ఉంది, ఎందుకంటే అప్పటికి అతని ఉత్తరాలు లోపలికి పంపడానికి వీల్లేదు, చదవడానికి మాత్రం నాకు వీలుంది. రెండూ కలిపి చూస్తే జరిగింది ఇది.

“స్థిర నివాసం ఎక్కడ?” అని కానిస్టేబుల్ అడిగాడు.

“అదిగోనండి” అని నూకరాజు గోదావరి మధ్యకు చెయ్యి చూపించాడు.

“అక్కడ నీళ్లు కదా ఉన్నాయి.”

“మొన్నటి వరద దాకా ఇల్లుండేదండి. అంతకుముందుది ఇంకొంచెం అటుండేది. ఏటి కోతండి. ప్రస్తుతానికి ఈ పాకలో ఉంటన్నాం.”

“ఈ పాక ఎన్నాళ్లుంటుంది?”

“అది గోదారినడగాలండి.”

కానిస్టేబుల్ ‘నివాసము నదీ ఇష్టానుసారము’ అని రాసుకున్నాడు. “ఖైదీతో నీకు స్నేహమేంటి? ఏం లాభం?”

“లాభం కాదండి. ఆయన అడుగుతాడండి.”

“ఏమడుగుతాడు?”

“గిత్త బల్లకట్టు ఎక్కిందా అని అడిగాడండి. మా ఇంట్లో కూడా అడగలేదండి ఆ సంగతి.”

కానిస్టేబుల్ వెళ్లాక లంకలో జనం రెండు రోజులు నూకరాజు దగ్గర టిక్కెట్టు తీసుకుని ముఖం చూడకుండా వెళ్లారట. రేవును వేలంలో పాడుకున్న పాటదారు అతని కుర్చీని తన కళ్లకు కనబడేచోటికి జరిపించాడట. “మా ఆవిడ మరిడమ్మ మాత్రం, పోలీసులొచ్చి సాచ్చికం తీసుకున్నాక ఇంకది గట్టి స్నేహమేలే అందండి” అని ఉత్తరంలో రాశాడు.

మైత్రీ పరిశీలక సంఘం మంగళవారం సమావేశమైంది. పరాంకుశంగారు అధ్యక్షులు, సూపరింటెండెంటుగారు సభ్యులు, మినిట్సు రాయడానికి నేను.

“స్థిర నివాసం లేనివాడితో స్థిరమైన స్నేహం ఎలా సాధ్యం?” అన్నారు పరాంకుశంగారు.

“సాధ్యం కాదండి” అన్నారు సూపరింటెండెంటుగారు.

“కామేశం గారూ, ఇతని ఇరవై మూడు ఉత్తరాలూ మీరు చదివారు. ఎక్కడైనా నీతిబోధ ఉందా?”

నేను గుర్తు చేసుకున్నాను. “ఒకచోట ఉందండి. కదిలే బల్లకట్టు ఎక్కకూడదు అని.”

“అది జలరవాణా భద్రత. ఖైదీ చేసిన నేరాన్ని ఒక్కసారైనా ప్రస్తావించి, ఖండించి, ఖైదీలో అపరాధభావం జాగృతం చేశాడా?”

“లేదండి. నేరం గురించి అడగనే లేదండి.”

“చూశారా. రెండేళ్లు స్నేహం చేసి, ఈ ఖైదీ ఎవర్ని చంపాడో కూడా తెలుసుకోలేదు. ఇది స్నేహం కాదు, ఉదాసీనత.”

‘అనర్హ స్నేహము’ అని తీర్మానం రాశాను. నూకరాజు ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కటీ చదివి, ‘అనర్హము’ అని ముద్ర వేసి సొరుగులో పెట్టాను. ఉత్తరం వచ్చిందీ లేనిదీ ఖైదీకి చెప్పకూడదు. శనివారం శనివారం సూరన్న నా కిటికీ దగ్గరకు వచ్చి, “ఏమన్నా ఉందాండి?” అనేవాడు. “పరిశీలనలో ఉంది” అనేవాణ్ణి. ఏది పరిశీలనలో ఉందో అతను అడగలేదు. మూడు నెలలయ్యాక రావడం కూడా మానేశాడు. నెల మొదట్లో కార్డులు తీసుకోవడమూ మానేశాడు. అది కొత్త. ఎనిమిదేళ్లు ఎవరూ లేనప్పుడు కూడా తీసుకున్నాడు.

ఈలోగా పథకం మిగిలిన నాలుగు వందల పదకొండు మందికి మిత్రుల్ని వెతుకుతోంది. పేపర్లో ప్రకటన ఇస్తే రెండు వందల అరవై దరఖాస్తులు వచ్చాయి. జనంలో మంచివాళ్లు ఉన్నారని అప్పుడు నాకు తెలిసింది. ఒక డ్రాయింగు మేష్టారిది అద్దె ఇల్లు గనక తోసేశాం. ఒక నర్సుది బదిలీ అయ్యే ఉద్యోగం. ఒక రైతుబిడ్డ ‘సినిమాలు చూచుట’ అలవాటుగా రాశాడు. రిటైరైన ఒక జడ్జిగారు చాలా ఆప్యాయంగా రాశారు గాని, మా ఖైదీల్లో ముగ్గురికి శిక్ష వేసింది ఆయనే కావడంతో పూర్వపరిచయం అడ్డొచ్చింది. అన్ని అర్హతలూ ఉన్నవారు ఒక్కరే తేలారు. ఎనభై ఆరేళ్ల పెద్దమనిషి, సొంత ఇల్లు, ఏ అలవాటూ లేదు. కాగితాలు పూర్తయ్యేలోగా కాలం చేశారు. ఆయన స్థిర నివాసం విషయంలో ఇక సందేహానికి తావు లేదని సూపరింటెండెంటుగారు ఫైలు మీద రాసి మూసేశారు.

గాంధీ జయంతి ఇంకా రెండు నెలలుంది. సమకూరిన స్నేహితులు సున్నా. పరాంకుశంగారు ఒక పొద్దున్న జైలు ఆవరణలో నడుస్తూ నడుస్తూ ఆగిపోయారు.

“కామేశం గారూ, పదేళ్లపాటు చిరునామా మారదని హామీ ఇవ్వగలిగినవాళ్లు ఈ రాష్ట్రంలో ఎవరు?”

నాకు తెలియదన్నాను.

“మద్యం ముట్టనివాళ్లు, సినిమాలకు వెళ్లనివాళ్లు, ఎప్పుడూ అందుబాటులో ఉండేవాళ్లు, నడత మొత్తం ప్రభుత్వ రికార్డులో ఉన్నవాళ్లు?” ఆయన చెయ్యి చాచి బ్యారక్కుల వంక చూపించారు. “ఆదర్శ మిత్రులు నాలుగు వందల పన్నెండు మందిని మన అధీనంలో పెట్టుకుని, మనం ఊళ్లో వెతుకుతున్నాం.”

“పథకం పేర్లో ‘బాహ్య’ అని ఉందండి” అన్నాను.

“బ్యారక్కుకు బయట ఉన్నవాడు బాహ్యుడే.”

వారం తిరక్కుండా చీట్లు వేసి రెండు వందల ఆరు జంటలు కట్టాం. ఒక బ్యారక్కువాడికి ఇంకో బ్యారక్కువాడు. సూరన్నకు కోరాడ అప్పన్న వచ్చాడు. ఇద్దరూ తొమ్మిదేళ్లుగా ఒకే మగ్గం మీద, ఒకే బల్ల మీద, భుజం భుజం తగిలేట్టు కూర్చుని నేస్తున్నారు. అప్పన్న కొంచెం మాటకారి, సూరన్న కొంచెం వినేవాడు. వాళ్లకు వేరే స్నేహం చేయించే పనేమీ లేదు. ఆ సంగతి నేను విన్నవించుకుంటే పరాంకుశంగారు అనుబంధ ఉత్తర్వు జారీ చేశారు: “మౌఖిక సంభాషణ నమోదు కాదు. నమోదు కాని స్నేహము స్నేహముగా పరిగణింపబడదు. అంతేగాక, మౌఖిక సంభాషణ వలన ఉత్తరములలో వ్రాయుటకు విషయము మిగలదు. కావున జంటగా కూర్చబడిన ఖైదీలు పరస్పరము మాటలాడరాదు.”

కాబట్టి ఇద్దరూ మాట్లాడటం మానేశారు. సూరన్న ఉత్తరం రాస్తే నేను చదివి ముద్ర వేసి రాజధానిలోని ప్రధాన కార్యాలయానికి పంపుతాను. అక్కడ మైత్రీ విభాగం చదివి, స్నేహశాతం గుణించి, మరో ముద్ర వేసి తిప్పి పంపుతుంది. ఇరవై ఆరు రోజులకు అది అప్పన్నకు చేరుతుంది. అప్పన్న సూరన్న పక్కనే కూర్చుని ఉంటాడు.

సూరన్న మొదటి ఉత్తరం పూర్తిగా ఇది: “అప్పన్నా, నీ పక్క అంచు వదులుగా పోతోంది. బిగించు.” అది అందేసరికి ఆ జంపఖానా పూర్తయి, పరాంకుశంగారి వరండాలో పరిచి ఉంది. అప్పన్న వెంటనే జవాబు రాశాడు. ఇరవై ఆరు రోజులకు వచ్చింది. “ఏ జంపఖానాది?”

షెడ్డులో పని సగానికి పడిపోయింది. ఎందుకు పడిపోయిందో లిఖితపూర్వకంగా సంజాయిషీ చెప్పమని సూపరింటెండెంటుగారు అడిగారు. అందరూ ఇచ్చారు. అందరిదీ ఒకటే వాక్యం: ‘పక్కవాడికి ఉత్తరం రాశాం, జవాబు రావాలి.’

గాంధీ జయంతినాడు పెద్ద సభ జరిగింది. నాలుగు వందల పన్నెండుకు నాలుగు వందల పన్నెండు మందికీ మిత్రులు సమకూరినట్టు పరాంకుశంగారు ప్రకటించారు. ఆదర్శ మిత్రులుగా సూరన్ననూ అప్పన్ననూ వేదిక ఎక్కించారు. ముఖ్య అతిథిగారు మైకు వాళ్ల ముందు పెట్టి, “మీ స్నేహం గురించి ఒకరితో ఒకరు నాలుగు మాటలు మాట్లాడండి నాయనా” అన్నారు. అది ఉత్తర్వుకు విరుద్ధం. ఇద్దరూ పరాంకుశంగారి వంక చూశారు. ఆయన పైకప్పు వంక చూశారు. ఇద్దరూ అలాగే మైకు ముందు నిలబడిపోయారు. ఎంతసేపటికీ మాట రాలేదు. ముఖ్య అతిథిగారు ఆ మౌనానికి చలించిపోయి కళ్లు తుడుచుకున్నారు. మాటలకందని స్నేహమని మర్నాడు పేపర్లు రాశాయి. పరాంకుశంగారికి ప్రశంసాపత్రం వచ్చింది.

ఉత్తరాల పని చాలావరకు రాజధానికి పోవడంతో నన్ను ఆదివారాలు ములాఖత్ కిటికీలో వేశారు. ఖైదీల్ని చూడ్డానికి వచ్చినవాళ్ల పేరూ, వరసా రాసుకుని చీటీ ఇవ్వడం పని. నా సొరుగులో నూకరాజు ఉత్తరాలు అప్పటికి తొమ్మిదయ్యాయి. ఎనిమిదో దాంట్లో, “కోపమొచ్చిందాండి, ఒంట్లో బాలేదాండి, ఏదో ఒకటి రాయండి” అని ఉంది. తొమ్మిదోది చిన్నది. “నీళ్లు తీశాక నేనే వత్తాను.”

కార్తీకమాసంలో ఒక ఆదివారం వరసలో ఒక పొట్టి మనిషి నిలబడ్డాడు. యాభై అయిదేళ్లుంటాయి. ఉతికిన చొక్కా, చేతిలో గుడ్డసంచి. వంతు వచ్చేసరికి కిటికీ ముందు చెప్పులు విడిచాడు.

“పేరు?”

“మట్టపర్తి నూకరాజండి.”

నేను తలెత్తలేదు. చేతిరాత అంతగా తెలిసిన మనిషి ముఖం చూడటానికి ఎందుకో బిడియమనిపించింది. “ఎవర్ని చూడాలి?”

“పలివెల సూరన్నగారినండి.”

“ఏమవుతారు?”

“స్నేహితుణ్ణండి.”

“స్నేహితులైతే నమూనా-17 ఆమోదం ఉండాలి.”

“పోలీసులొచ్చి విచారించారండి. ఏమైందో తెలీదండి.”

“అనర్హమన్నారు. కుదరదు.”

ఆయ్ అని, వాదించకుండా పక్కకు తప్పుకుని గోడ వారన నిలబడ్డాడు. తరవాత ఏడుగురు వచ్చారు. ఒకావిడ పిన్నినంది. ఒకతను బావమరిదినన్నాడు. ఇంకొకతను దూరపు చుట్టమన్నాడు, ఎంత దూరమని అడిగితే రెండు బస్సులు మారాలన్నాడు. అందరికీ చీటీ రాసిచ్చాను. బంధువులకు నమూనా ఏమీ లేదు. మా మాన్యువల్లో ‘బంధువు అనగా ఖైదీకి బంధువునని చెప్పుకొను వ్యక్తి’ అని ఉంది. దొరల కాలంలో రాసింది. మన వరసలు ఆ దొరలకు కొరుకుడు పడక, చెప్పినదే వరస అని రాసి ఊరుకున్నారు.

నూకరాజు ఏడుగురి మాటలూ విన్నాడు. ఏళ్ల తరబడి రేవులో జనాన్ని చూసిన మనిషి. వెళ్లి వరస చివర మళ్లీ నిలబడ్డాడు. అరగంటకు మళ్లీ వంతు వచ్చింది.

“పేరు?” అన్నాను, ఎన్నడూ చూడనట్టు.

“మట్టపర్తి నూకరాజండి.”

“ఎవర్ని చూడాలి?”

“పలివెల సూరన్నగారినండి.”

“ఏమవుతారు?”

అతను ఆలోచించాడు. ఆ కిటికీలో కూర్చున్నాక నేను ఎవరికోసమూ ఆగింది లేదు. ఆగాను.

“బావనండి.”

“ఏ వైపు?”

“లంక వైపండి.”

రిజిస్టరులో ‘బావ, లంక వైపు’ అని రాశాను. పదకొండేళ్లలో నా చేత్తో రాసినవాటిలో అంత గుండ్రటి అక్షరాలు లేవు. తరవాత సంగతి ముందే చెప్పేస్తాను: సొరుగులోని తొమ్మిది ఉత్తరాలూ పై వారం సూరన్నకు అందాయి. బంధువుల ఉత్తరాలు ఆపే అధికారం మైత్రీ పరిశీలక సంఘానికి లేదు.

వార్డరు షెడ్డుకు వెళ్లి ఒంటరిగా తిరిగొచ్చాడు. “రానంటున్నాడండి. బావెవరూ లేరంట. అక్కచెల్లెళ్లే లేరంట.”

రిజిస్టరు చంకన పెట్టుకుని నేనే వెళ్లాను. సూరన్నా అప్పన్నా మగ్గం మీద మాటా పలుకూ లేకుండా కూర్చున్నారు. ఎవరో పొరపాటు పడ్డారండి అన్నాడు సూరన్న.

“పొరపాటు లేదు. నీకు బావ ఉన్నాడు. ఇదిగో, రిజిస్టరులో ఉంది.”

అతను వేలు పెట్టి ఆ గడి చదివాడు. పేరు దగ్గర వేలు ఆగింది. కదల్లేదు. అప్పుడు అప్పన్న, మూడు నెలల తరవాత నోరు తెరిచి, “ఎల్లెహె” అన్నాడు. అది మౌఖిక సంభాషణ. నేను నమోదు చేయలేదు.

ములాఖత్ గదిలో ఇనపజాలీకి అటు ఒకరు, ఇటు ఒకరు నిలబడ్డారు. ఒకరి ముఖం ఒకరు ఎరగరు. ముందు నూకరాజే అన్నాడు:

“పొడుగ్గా ఉంటారనుకున్నానండి.”

“మీరు లావుగా ఉంటారనుకున్నాను” అన్నాడు సూరన్న.

ఆ మాట అయ్యాక ఇంకేం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు. కాగితం మీద అలవాటైనవాళ్లు. ఇచ్చే పదిహేను నిమిషాల్లో అయిదు అలాగే పోయాయి.

“తొమ్మిది ఉత్తరాలు రాశానండి. అందలేదాండి?”

“లేదు” అని సూరన్న నా వంక చూశాడు. నేను గడియారం చూస్తున్నాను. అదీ నా డ్యూటీలోదే.

నూకరాజు గుడ్డసంచిలోంచి ఒక పొట్లం తీసి వార్డరుకు అందించాడు. “మెత్తళ్లండి, ఎండుచేపలు. వేపి పంపింది మీ చెల్లెలు.”

“ఎవరు?”

“మీ చెల్లెలండి. మా మరిడమ్మ. నేను మీకు బావనైతే అది చెల్లెలే కదండి. ఇందాకే అయిందనుకోండి, దానికింకా తెలీదు.”

సూరన్న రెండు చేతులూ జాలీ మీద పెట్టాడు. పొట్లం విప్పి తనిఖీ చేస్తున్న వార్డరు చెయ్యి ఆపాడు.

“ఒంట్లో ఎలా ఉంది చెల్లెలికి?” అన్నాడు సూరన్న.

“మోకాళ్లు నొప్పులండి. మెట్టెక్కలేకపోతంది.”

“వరదప్పుడు నీళ్లల్లో నానుంటది. వావిలాకు వేసి కాపడం పెట్టమనండి. వేడి నీళ్లు కాదు, ఆకే కట్టాలి. మీరు దగ్గరుండి కట్టండి, బావగారూ. ఆడవాళ్లు వాళ్లంతట వాళ్లు చేసుకోరు.”

“అలాగేనండి.”

గంట కొట్టారు. నూకరాజు బయట చెప్పులు తొడుక్కుని బస్సుకు వెళ్లిపోయాడు. మెత్తళ్ల పొట్లం పట్టుకుని సూరన్న షెడ్డు వైపు నడుస్తుంటే వార్డరు అడిగాడు:

“ఏమంటాడయ్యా మీ బావ?”

“ఏముందండి” అన్నాడు సూరన్న. “మా చెల్లెలికి మోకాళ్లు బాలేదంట. అదే కొంచెం బెంగగా ఉంది.”